కామిక్స్ ఫైట్ సీన్లలో ఆయుధాల దెబ్బలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కామిక్స్ వేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పేజీలు పట్టుకొచ్చి చూపించిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. బొమ్మల కథ తయారయ్యే వరుసలోనే ప్రశ్నలను అమర్చాను. మీకు ఏది కావాలో అది నేరుగా చదువుకోవచ్చు. నా పట్టుదల ఒక్కటే: హీరో బలాన్ని ఎంతైనా పెంచండి, ఆయుధం బరువు విషయంలో మాత్రం అబద్ధం ఆడకండి. ఆ బరువు దెబ్బ తిన్నవాడి ఒంటి మీదే కాదు, కొట్టినవాడి ఒంటి మీదా కనబడాలి.

## కథ రాసుకునేటప్పుడు

కామిక్స్ అంటేనే కల్పన కదా, మళ్లీ ఈ ఫిజిక్స్ గొడవ ఎందుకు?

పాఠకుడు లెక్కలు కట్టడు, నిజమే. కానీ అతను నీళ్ల బిందె ఎత్తినవాడు, గునపం పట్టినవాడు, క్రికెట్ ఆడినవాడు. బరువు ఎత్తితే నడుం ఎటు వంగుతుందో, కాలు ఎక్కడ పడుతుందో అతని ఒంటికి తెలుసు. బొమ్మలో అది లేకపోతే ఎందుకో చెప్పలేడు గానీ, ఏదో తేడాగా ఉందనుకుని పేజీ తిప్పేస్తాడు. మీ హీరో కొండనే ఎత్తనివ్వండి, ఎత్తేటప్పుడు అతని కాళ్ల కింద నేల కుంగాలి. మీ లోకానికి నియమాలు మీరే పెట్టుకోవచ్చు. కాకపోతే 3వ పేజీలో పెట్టిన నియమం 30వ పేజీలో మారిపోకూడదు.

హీరో కత్తి పది కిలోలని రాయొచ్చా?

మామూలు మనిషైతే వద్దు. ఒంటిచేత్తో వాడిన తల్వార్ కిలో, కిలోంబావు అలా ఉండేది. జపాన్ కటానా, యూరప్ పొడుగు కత్తులు కూడా ఇంచుమించు అంతే, మహా అయితే కిలోన్నర. రెండు చేతులతో తిప్పే భారీ యూరప్ కత్తులు కూడా సాధారణంగా రెండు నుంచి మూడున్నర కిలోలే. కత్తి గొప్పతనం బరువులో లేదు. దాని బరువు పిడి దగ్గర ఎంత, మొన దగ్గర ఎంత అన్నదాంట్లో ఉంది. పిడి వైపు బరువు ఎక్కువుంటే కత్తి చురుగ్గా తిరుగుతుంది. మొన వైపు ఎక్కువుంటే గొడ్డలిలా దిగుతుంది, కానీ మళ్లీ వెనక్కి లాగడానికి టైమ్ పడుతుంది. హీరో ఎలా పోరాడతాడో ముందు ఆలోచించుకుని, ఆ తర్వాత కత్తి ఆకారం గీయండి.

మనిషంత పెద్ద కత్తి, గుమ్మడికాయంత గద వేస్తే తప్పా?

తప్పు కాదు, కానీ ముందు ఒకసారి లెక్క కట్టండి. ఇనుము ఒక ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు తూగుతుంది. రెండు మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పలక 94 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగింటికి కాస్త తక్కువ. గద సంగతి ఇంకా విచిత్రం. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గట్టి ఇనుప గుండు 111 కిలోలు తూగుతుంది. అదే ఎనిమిది సెంటీమీటర్లయితే రెండు కిలోల మీద కొంచెమే.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. గద తల చిన్నది చేయొచ్చు. లేదా తల లోపల డొల్ల అనుకోవచ్చు, మూడు మిల్లీమీటర్ల రేకైతే అదే 30 సెంటీమీటర్ల గుండు ఆరేడు కిలోల్లో వచ్చేస్తుంది. లేదంటే పట్టుకున్నది భీముడే అనుకుని 111 కిలోలూ ఉంచేయొచ్చు. నాకు మూడోదే ఇష్టం. కాకపోతే ఆ గద నేల మీద ఆనినచోట గుంట పడాలి, భుజాన వేసుకుంటే ఆ భుజం కిందికి దిగాలి, నడుం రెండో పక్కకు ఒరగాలి. ఒకవైపు భుజాన నీళ్ల బిందె పెట్టుకుని నడిచే మనిషిని గమనించండి, మీకు కావలసిన గీత దొరుకుతుంది.

కత్తివాడికీ బల్లెంవాడికీ పోరు పెడితే ఎవరు గెలవాలి?

ఇద్దరూ సమానమైన నేర్పు ఉన్నవాళ్లయి, మైదానం ఖాళీగా ఉంటే బల్లెం వైపే మొగ్గు. రెండు మీటర్ల దూరం నుంచే పొడవగలిగినవాడి దగ్గరికి కత్తివాడు ముందు చేరాలి కదా. కత్తివాడే గెలవాలంటే చోటు మార్చండి: ఇరుకు సందు, మండువా లోగిలి స్తంభాలు, మెట్లు. లేదా చేతికి డాలు ఇవ్వండి. అప్పుడు గెలుపు కథలోంచి వచ్చినట్టుంటుంది.

ఫైట్ ఎన్ని పేజీలు నడపొచ్చు? మనిషి అలిసిపోడా?

అలిసిపోతాడు, చాలా త్వరగా. ప్రొఫెషనల్ బాక్సర్లకే మూడు నిమిషాలకోసారి నిమిషం విరామం ఇస్తారు. ఎనిమిది పేజీల ఫైట్ రాసుకుంటే నాలుగో పేజీకల్లా భుజాలు వాలాలి, నోరు తెరుచుకోవాలి, కత్తి మొన కిందికి దిగాలి. అలుపు చూపించిన ఫైట్‌లోనే ఆఖరి దెబ్బకు విలువ ఉంటుంది.

## రఫ్ స్కెచ్, పోజ్ దగ్గర

పోజ్ బాగానే ఉంది, కానీ దెబ్బలో బలం కనిపించడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

పదిలో తొమ్మిది సార్లు తప్పు కాళ్లలో ఉంటుంది. నా తొలి కథలో ఒక పేజీని కర్రసాము నేర్చుకున్న స్నేహితుడికి చూపించాను. అతను కత్తి వైపు చూడనే లేదు. "వీడి కాళ్లేవి?" అన్నాడు. ప్యానెల్‌ను, అంటే పేజీలోని ఆ బొమ్మ గడిని, నడుం దగ్గర కత్తిరించేశాను మరి. దెబ్బ నేల దగ్గర పుడుతుంది. వెనక కాలు నేలను తోస్తుంది, తుంటి తిరుగుతుంది, భుజం దాని వెంట వస్తుంది, ఆ తర్వాత మోచెయ్యి, మణికట్టు, అన్నిటికంటే చివర్న కత్తి మొన. ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే ముందు క్షణంలో ఛాతీ ముందుకొచ్చేసి చెయ్యి ఇంకా వెనకే ఉంటుంది చూడండి, అదే ఇది. తుంటి, భుజాలు, కత్తి మూడూ ఒకే దిశలో ఒకేసారి తిరిగినట్టు వేస్తే అది ఫొటోకు నిలబడ్డ మనిషి బొమ్మ అవుతుంది.

కత్తి పదును ఏ వైపు ఉందో అంత పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. కొబ్బరి బోండాలు కొట్టేవాళ్ల దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఎడమ అరచేతిలో బోండాం తిరుగుతూ ఉంటుంది. కుడిచేతిలో కత్తి పైకి లేచినప్పుడు మణికట్టు కాస్త వెనక్కి వాలుతుంది. దిగేటప్పుడు వాదర సరిగ్గా చెయ్యి వెళ్లే దారిలోనే ఉంటుంది. చప్పుడు పొడిగా 'చక్' మంటుంది, చెక్కు ఎగిరి పక్కన పడుతుంది. కొత్తవాళ్లు కొడితే కత్తి కొంచెం పక్కకు తిరుగుతుంది, అంతే, పీచులో ఇరుక్కుపోతుంది లేదా జారిపోతుంది. మీ బొమ్మలో కదలిక చూపే స్పీడ్ లైన్స్ ఒక దిక్కుకూ, కత్తి అంచు ఇంకో దిక్కుకూ ఉంటే హీరో కత్తితో చెంపదెబ్బ కొడుతున్నట్టే లెక్క. రఫ్ స్కెచ్‌లోనే అంచు వైపు ఒక చిన్న బాణం గుర్తు పెట్టుకోండి, పెన్సిల్ గీతల మీద సిరా వేసే ఇంకింగ్‌లో పొరపాటు జరగదు.

వంపు కత్తికీ తిన్నటి కత్తికీ దెబ్బ ఒకేలా వేయొచ్చా?

వేయకూడదు. కత్తిపీట మీద టమాటాను నొక్కితే చితుకుతుంది, లాగితే తెగుతుంది. వంపు కత్తిది లాగే పద్ధతి. తగిలాక ఆగదు, వంపు వెంట జారుతూ కోసుకుంటూ పోతుంది. అందుకే దాని చలనాన్ని పొడవైన ఒకే చాపంలా గీయండి. తల్వార్ పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటుంది. అది మణికట్టును ఎక్కువగా వంగనివ్వదు కాబట్టి కదలిక మోచేతి నుంచి, భుజం నుంచి రావాలి. తిన్నటి కత్తికి పొడవడం కూడా బాగా వచ్చు, అప్పుడు చాపం కాదు, సూటి గీత.

విల్లు ఎక్కుపెట్టి హీరో రెండు ప్యానెల్స్ పాటు డైలాగ్ చెప్పొచ్చా?

యుద్ధంలో వాడే విల్లయితే కష్టం. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధ నౌకను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు. అందులో నూటికి పైగా విల్లులు దొరికాయి. వాటిని పూర్తిగా లాగడానికి సుమారు 45 నుంచి 80 కిలోల బలం కావాలని అంచనా వేశారు. అంత బరువును మూడు వేళ్ల మీద నిలిపి శపథాలు చేయడం ఎవరివల్లా కాదు. లాగడం, వదలడం దాదాపు ఒకే ఊపులో జరిగిపోవాలి. డైలాగ్‌ను బాణం సంధించే ముందు పెట్టండి.

రిఫరెన్స్ ఎంచుకునేటప్పుడూ జాగ్రత్త. మన విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ గురి చూస్తూ నిలకడగా ఆగే వీడియోలు చూసి చాలామంది అర్జునుడికి అదే పోజ్ పెడుతున్నారు. ఆమెది కాంపౌండ్ విల్లు. దాని చివర్ల కప్పీలు ఉంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు చాలావరకు తగ్గిపోతుంది. పాతకాలం విల్లుకు దగ్గరగా కావాలంటే ఒలింపిక్స్‌లో వాడే, కప్పీలు లేని రికర్వ్ విల్లు చూడాలి. అదే ఊరివాడైన బొమ్మదేవర ధీరజ్ వేసేది రికర్వే. భుజం వెనక కండరాలు, దవడ కింద ఆనిన చెయ్యి గమనించండి.

బాణం వింటికి ఏ వైపు ఉండాలి?

కుడిచేతివాటం మనిషి మూడు వేళ్లతో నారి లాగితే బాణం వింటికి ఎడమ వైపు ఉంటుంది. బొటనవేలితో లాగితే కుడి వైపు ఉంటుంది. ఆసియాలో చాలాచోట్ల బొటనవేలి పద్ధతే, వేలికి ఉంగరంలాంటి తొడుగు పెట్టుకునేవాళ్లు. మొగలుల కాలం నాటి అలాంటి ఉంగరాలు మ్యూజియంలలో ఇప్పటికీ ఉన్నాయి. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలే ఎందుకు అడిగాడో ఈ పద్ధతి తెలిస్తే గుండెకు తగులుతుంది. ఆ తర్వాత అతను మిగిలిన వేళ్లతో వేశాడనీ, మునుపటి వేగం రాలేదనీ మహాభారతంలోనే ఉంది. ఆ ఒక్క ప్యానెల్ శ్రద్ధగా వేయగలిగితే పేజీ నిండా కన్నీళ్లు వేయక్కర్లేదు.

వడిసెల రాయి ఎటు వెళ్తుంది?

వదిలిన క్షణంలో రాయి ఏ దిశలో కదులుతోందో అటే వెళ్తుంది, అంటే చుట్టుకు స్పర్శరేఖ వెంట. చాలామంది రాయి చెయ్యికి ఎదురుగా తాడు చాచి ఉన్న దిక్కుకు దూసుకుపోతున్నట్టు వేస్తారు, అది పొరపాటు. తల చుట్టూ అడ్డంగా తిప్పుతున్నవాడు ఎదురుగా ఉన్న శత్రువును కొట్టాలంటే రాయి తన పక్కన ఉండగానే వదలాలి. చేల మీద పిట్టల్ని తోలే పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే ఒక్కసారి అడిగి చూడండి.

## దెబ్బ తగిలే ప్యానెల్

తగిలే క్షణాన్నే వేయాలా?

నేనైతే ఎక్కువసార్లు దానికి ముందు క్షణమో, వెనక క్షణమో వేస్తాను. తగిలే క్షణంలో బొమ్మ గడ్డకట్టినట్టుంటుంది. ముందు క్షణంలో ఒళ్లంతా మెలితిరిగి ఉంటుంది. తర్వాత క్షణంలో కొట్టినవాడు ఆయుధం బరువుకు ముందుకు లాగబడుతూ ఉంటాడు, దెబ్బ తిన్నవాడు అప్పుడే కదలడం మొదలుపెడతాడు. నా మొగ్గు ఈ రెండో దానికే.

కత్తి ఎక్కడ తగిలితే గట్టి దెబ్బ?

పిడి దగ్గరా కాదు, చిట్టచివరా కాదు. మొన నుంచి సుమారు మూడో వంతు దూరంలో ఒక చోటు ఉంటుంది. బ్యాట్ మీద కూడా ఉంటుంది కదా, అక్కడ బంతి తగిలితే చేతికి తెలియనే తెలియదు. చివర తగిలితే మోచేతి దాకా ఝల్లుమంటుంది. విలన్ దెబ్బ వృథా అయిందని చూపించాలంటే కత్తిని తప్పు చోట తగలనివ్వండి, వేళ్లు విడిపోతున్నట్టు వేయండి.

రెండు కత్తులు అంచుకు అంచు తగిలి నిప్పులు రాలడం నిజమేనా?

ఉక్కుకు ఉక్కు గట్టిగా రాసుకుంటే చిన్న రవ్వలు రాలొచ్చు, దీపావళి మతాబుల్లా మాత్రం కాదు. అంచుకు అంచు కొడితే రెండు కత్తులకూ గాట్లు పడతాయి. నేర్పరి పిడికి దగ్గరగా ఉండే బలమైన భాగంతోనో, కత్తి పలక వైపుతోనో ఎదుటి దెబ్బను పక్కకు మళ్లిస్తాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ఎంత పేరున్నదైనా, అంచుకు గాట్లు పడకుండా పోవు. ఫైట్ అయ్యాక హీరో కత్తి మీద రెండు మూడు గాట్లు వేయండి, తర్వాతి భాగంలో కూడా అవి అలాగే ఉండాలి.

కవచాన్ని కత్తి చీల్చుకుపోతుందా?

ఉక్కు రేకు కవచాన్ని కత్తి వేటు చీల్చదు, జారిపోతుంది. అందుకే కత్తివాడు చంక, మెడ, మోకాలి వెనక లాంటి ఖాళీలు వెతుక్కునేవాడు. కవచం మీద పనిచేసేది గదే. అది రేకును కోయదు, సొట్ట పెట్టి లోపలి మనిషిని కుదిపేస్తుంది.

తుపాకీ గుండు తగలగానే మనిషి ఎగిరి గోడకు కొట్టుకోవాలా?

ఎగరడు. ఎనిమిది గ్రాముల పిస్టల్ గుండు సెకనుకు 360 మీటర్ల వేగంతో వస్తే దాని ద్రవ్యవేగం, అంటే బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చేది, 2.9 యూనిట్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల క్రికెట్ బంతిది 6.2. అంటే నెట్టడంలో బంతిదే పైచేయి, రెట్టింపుకు మించి. గుండు తగిలిన 70 కిలోల మనిషికి వచ్చే వెనకడుగు వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్లే. పైగా గుండు ఎదుటివాణ్ణి అంతగా ఎగరగొట్టేటట్టయితే పేల్చినవాడూ వెనక్కి ఎగరాలి.

మరి గుండు ఎందుకంత ప్రమాదం? బంతికి నాలుగు రెట్ల శక్తి వేలిగోరంత చోట దిగుతుంది కాబట్టి. తగిలినవాడు కుప్పకూలొచ్చు, రెండడుగులు వేసి ఆగొచ్చు, తగిలిందని తెలియక చొక్కా తడిమి చూసుకోవచ్చు. ఈ చివరిది వేసి చూడండి, ఎగరడం కంటే వెయ్యి రెట్లు భయపెడుతుంది.

హీరో గుండును, బాణాన్ని తప్పించుకోవచ్చా?

కంటితో చూసి ఒళ్లు కదలడానికి మనిషికి కనీసం సెకనులో ఐదో వంతు పడుతుంది. పది మీటర్ల నుంచి వచ్చే పిస్టల్ గుండు సెకనులో ముప్ఫై ఐదో వంతులో చేరిపోతుంది. కాబట్టి గుండును కాదు, ట్రిగ్గర్ మీది వేలిని, భుజాన్ని చూసి ముందే తప్పుకోవాలి. బాణం సంగతి వేరు. సెకనుకు 50 మీటర్ల చొప్పున 40 మీటర్ల నుంచి వస్తే 0.8 సెకను పడుతుంది, ఒక అడుగు పక్కకు వేయడానికి సరిపోతుంది.

తుపాకీ బొమ్మలో ఎక్కువగా దొర్లే తప్పులేంటి?

మూడు. ఒకటి, ఎగిరే గుండుకు ఇత్తడి తొడుగు కూడా అంటించి వేయడం. తొడుగు తుపాకీ దగ్గరే మిగిలిపోతుంది, సీసపు ముక్క మాత్రమే వెళ్తుంది. రెండు, రివాల్వర్ పేల్చినప్పుడు తొడుగులు పక్కకు ఎగరడం. అవి చక్రంలోనే ఉంటాయి, తర్వాత చేత్తో తీయాలి. మూడు, సైలెన్సర్ ఉంటే 'తుప్' అనే చిన్న చప్పుడే అనుకోవడం. సుమారు 160 డెసిబెల్స్ మోతలో 20 నుంచి 35 తగ్గుతాయి. పక్క గదిలోవాడు ఉలిక్కిపడేంత చప్పుడు ఇంకా ఉంటుంది.

## దెబ్బ తగిలిన తర్వాత

తల మీద ఒక్కటిస్తే అరగంట స్పృహ తప్పేలా రాయొచ్చా?

రాయొచ్చు, కానీ అది ఆస్పత్రి కథ అవుతుంది. తలదెబ్బకు తప్పిన స్పృహ సాధారణంగా సెకన్లలో, ఒకటి రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది. అరగంట రాలేదంటే మెదడుకు పెద్ద గాయమైనట్టే. కాపలావాడు కాసేపటికి లేచి తల దులుపుకుని మళ్లీ పరిగెత్తే సీన్లు నాకు నచ్చవు. లేచినవాడికి వాంతి రావచ్చు, అడిగిందే మళ్లీ అడగొచ్చు, దెబ్బకు ముందు ఏం జరిగిందో గుర్తుండకపోవచ్చు. మీ కథకు ఆ మతిమరుపు బాగా పనికొస్తుంది కూడా.

భుజంలో దిగిన బాణాన్ని హీరో ఒక్క ఊపున పీకేయొచ్చా?

పీకితే అప్పటిదాకా బాణమే అడ్డుపడి ఆపిన రక్తం ఒక్కసారిగా వస్తుంది. ములికికి వెనక్కి వంగిన కొనలుంటే కండ చీరుకుపోతుంది. తెలిసినవాడు బాణాన్ని కదలకుండా కట్టి, బయటి కర్రను పొట్టిగా చేసి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాడు. ఆ పొట్టి కర్రతోనే హీరో తర్వాతి రెండు పేజీలు నడిస్తే, ఆ చెయ్యి ఎత్తలేకపోతే, గాయం నిజమవుతుంది.

రక్తం ఎంత వేయాలి?

పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు. అందులో 40 శాతం దాటి పోతే ప్రాణం మీదికే వస్తుంది. గోడంతా తడిపేసి, అదే మనిషితో మళ్లీ ఫైట్ చేయించకండి.

కొట్టిన గొడ్డలి వెంటనే మళ్లీ పైకి లేవాలా?

వేపమొద్దులో దిగిన గొడ్డలిని ఎలా తీస్తారు? కాలు పెట్టి తొక్కి, పిడిని పైకీ కిందికీ ఆడించి. యుద్ధంలోనూ అంతే, ఆయుధం డాలులోనో, తలుపులోనో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న ఆ ఒక్క క్షణం హీరో నిరాయుధుడు. ఫైట్‌ను మలుపు తిప్పడానికి నేను ఎక్కువగా వాడుకునేది దాన్నే.

## శబ్దాలు రాసేటప్పుడు

ఒరలోంచి కత్తి తీస్తే 'ఛింగ్' అని రాస్తున్నారు, కరెక్టేనా?

ఒర చాలావరకు చెక్కతో చేసి పైన తోలు తొడిగినదే. అందులోంచి కత్తి తీస్తే 'సర్ర్' మంటుంది. లోహపు ఒరైతేనే గీరిన మోత వస్తుంది.

ఇంగ్లిష్ కామిక్స్‌లోని శబ్దాలనే తెలుగు లిపిలో రాసేస్తే సరిపోదా?

దయచేసి వద్దు. వస్తువు ఏదో, దెబ్బ ఎలాంటిదో చెప్పే మాటలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ఉక్కు మీద ఉక్కు 'ఖణేల్'. డొల్ల లోహం 'ఖంగ్'. గట్టి గద మట్టినేల మీద పడితే 'ధబ్', మనిషి వెల్లకిలా పడితే 'దభేల్'. ఎండుకర్ర విరిగితే 'ఫెళ్', సన్నపుల్లయితే 'పుటుక్'. కర్రకు కర్ర 'ఠక్'. బాణం 'రివ్వున' పోతుంది, గాలిలో తిరిగే కర్ర 'ఝుమ్' అంటుంది, వదిలిన నారి 'టంగ్' మంటుంది. అక్షరాల సైజు కూడా బరువు చెప్పాలి: 'ధబ్' లావుగా, నేలకు ఆనించి, 'రివ్వు' సన్నగా, బాణం వెళ్లే దిక్కుకు వాల్చి. పెన్సిల్ పట్టుకునే ముందు ఇంట్లో ఉన్న రోకలి, బిందె, చీపురుకట్ట, కర్ర ఒక్కొక్కటీ తట్టి, కళ్లు మూసుకుని వినండి. వినిపించిందే రాయండి.